రెండు నీలం టిక్కులు

2021లో పల్నాటి మిరప పూతలోనే పోయింది.

అంతకుముందు ఆ చేలల్లో ఎవరూ చూడని నల్ల తామర పురుగు దిగింది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. ఆరేళ్ళకు మిరప మీదికొచ్చి, ఒక్క పంటకాలంలో గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాలనూ అవతల ఖమ్మం, వరంగల్ వైపునూ చుట్టేసింది. మనకు అలవాటైన తామర పురుగు ఆకును పడుతుంది. ఆకు పైకి ముడుచుకోగానే రైతు కనిపెడతాడు. ఇది పువ్వులో దూరుతుంది. పువ్వును అరచేతిలో దులిపితేగాని కంటబడదు. ఆ పువ్వు ఎండి రాలుతుంది, కాయ నిలవదు. కొట్టిన మందు పూరేకుల లోపలికి సరిగా అందదు. దాని బతుకులో కొంతకాలం మట్టిలో గడుస్తుంది, అక్కడికి అసలే అందదు.

ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి పెట్టినవాడి కళ్ళముందు పూత రాలుతుంటే, మందు కొట్టకుండా ఆగమని చెప్పడం మాటలు కాదు. కానీ శాస్త్రవేత్తలు చెప్పింది దాదాపు అదే. మందు మీద మందు కొట్టొద్దు. రెండు మూడు కలిపి అసలు కొట్టొద్దు. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ల జోలికి పోవద్దు, అవి ఈ పురుగును తినే మిత్రపురుగుల్ని ముందు చంపుతాయి, ఆ తర్వాత దీనికి అడ్డుండదు. నీలం రంగు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె వాడండి, గట్ల మీద కలుపు తియ్యండి.

ఈ మాటల్ని రైతుల ఫోన్లకు పంపే పని మాది. బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదివి నేను ఆ ఉద్యోగంలో చేరడానికి ఒక కారణం ఉంది. ఫోన్లో వ్యవసాయ సలహా అన్నది కొత్త కాదు. 2004 జనవరి నుంచి కిసాన్ కాల్ సెంటర్ నడుస్తోంది, 1800-180-1551కి చేస్తే తెలుగులోనే జవాబు చెబుతారు. నన్ను పట్టుకున్నది మాత్రం దేవనకొండ సంగతి. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి తెలుగులో ఎస్సెమ్మెస్సులు పంపాయి. తొలకరి చినుకు పడగానే వేరుశనగ విత్తెయ్యొద్దు, జూన్ ఆఖరి వారం దాకా ఆగండి అని. ఆగినవాళ్ళకు దిగుబడి 30 శాతం దాకా పెరిగిందని లెక్క తేల్చారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, డ్రోను అక్కర్లేదు. కరువు మండలంలో ఒక రైతు చేతిలోని మామూలు ఫోనుకు, అదునులో, అతని భాషలో ఒక మాట చేరింది. ఇంతకంటే మంచి పని ఇంకేం ఉంటుందని నేను అప్పుడనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

మా ఆఫీసులో ఒక పెద్ద తెర ఉండేది. ఏ ఊళ్ళో ఎంతమందికి సందేశం చేరింది, ఎంతమంది తెరిచి చూశారు, అన్నీ అందులో కనబడతాయి. తెరిచి చూస్తే రెండు నీలం టిక్కులు. ఆ సీజన్లో ఒక పల్లె ఆ తెర మీద వెలిగిపోయేది. పెద్ద ఊరికి శివారు అది. అక్కడ ఒకే వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళు మా దగ్గర పేర్లు రాయించుకున్నారు. చాలా ఊళ్ళలో మేం పంపినవి రోజుల తరబడి తెరవకుండా పడి ఉండేవి. ఆ వీధిలో మాత్రం ఏ సందేశం పంపినా రాత్రికల్లా పదకొండుకు పదకొండూ నీలం. మిగతా ఊళ్ళ సిబ్బందికి మా పెద్దసారు ఆ పల్లెనే ఉదాహరణగా చూపేవారు.

సంక్రాంతి తర్వాత సాగు ఖర్చుల లెక్కలు వచ్చాయి. పురుగుమందుల మీద అందరికంటే ఎక్కువ పోసింది ఆ వీధే. అదెలా కుదురుతుందో చూసి రమ్మని నన్ను పంపారు.

నేను ముందు కలిసింది ఒక ముఠా మేస్త్రిని. ఆడమనిషి. నలభై లోపే ఉంటాయి. ముప్పై మంది కూలీలను ఆటోల్లో ఎక్కించుకుని ఊరూరా కోతలకు తీసుకుపోతుంది. ఎవరు ఎన్ని పూటలొచ్చారు, ఎవరు ముందే ఎంత వాడుకున్నారు, ఆటోవాడికి ఎంత, తన కమీషను ఎంత, అన్నీ నోటిమీదే. కాగితం ముక్క ఉండదు. పంపకం నాడు రూపాయి తేడా రాదు. భర్త లారీ మీద పోతాడు, నెలకోసారి వస్తాడు. సొంతం ఒక ఎకరం, కౌలుకు రెండెకరాలు. దేశంలో నూటికి 86 కమతాలు 2 హెక్టార్ల లోపువేనని 2015-16 వ్యవసాయ గణన చెబుతుంది. ఆ 86లో ఆమెది ఒకటి. ఆమెకు అక్షరం రాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఏడేళ్ళు దాటిన ఆడవాళ్ళలో చదవను రాయను వచ్చినవాళ్ళు 59 శాతమే. మిగిలిన 41 శాతాన్ని నిరక్షరాస్యులని ఒక్క మాటలో రాసేస్తాం. ఆమె లెక్క కట్టడం చూసినవాళ్ళు ఎవరైనా ఆ మాట రాసే ముందు కాసేపు ఆగుతారు.

చేలోనే మాట్లాడింది. చెట్లు ఏపుగానే ఉన్నాయి, కాయ లేదు. ఉన్న కాయా వంకర్లు తిరిగి ఉంది.

"మీ మెసేజీలు ఒక్కటి వదల్లేదమ్మాయ్. మీరు చెప్పినయ్యే కొట్టినాం. ఒక్కటంటే ఒక్కటి సొంతంగా కొట్టలా."

"ఏమేం కొట్టారు పిన్నీ?"

గట్టు మీద పాక ఉంటే అందులోకి తీసుకుపోయింది. ఖాళీ డబ్బాలన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. పేర్లు చదవలేదు గానీ ఏ డబ్బా ఎప్పుడు తెచ్చిందో, ఎన్ని ట్యాంకులు కొట్టిందో చెప్పగలదు. డబ్బా మీద నలుపలకల గుర్తులో ఉండే రంగు కూడా తెలుసు. ఎరుపు అన్నిటికంటే పెద్ద విషం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. అక్షరం రానివాళ్ళకూ అర్థమయ్యేట్టు ఆ డబ్బా మీద పెట్టింది ఆ రంగు, దాన్ని ఆమె పూర్తిగా నేర్చుకుంది.

"ఇది దసరా ముందు మంగళారం. ఇది దీపావళి ఎల్లినాక. ఇయ్యి రెండూ కలిపి, కార్తీకం రెండో సోమారం. ఇది మొన్న ముక్కోటికి."

నా దగ్గర మేం పంపిన సందేశాలు తేదీలవారీగా ఉన్నాయి. ఒక్కో డబ్బా పట్టుకుని సరిచూస్తూ పోయాను. ఆమె చెప్పిన ప్రతి రోజుకూ ఒకటి రెండు రోజుల ముందు మా సందేశం ఉంది. ఆ సందేశంలో ఆ మందు పేరూ ఉంది. మేం వాడొద్దని రాసిన మందులు, ఆమె వరసగా వాడిన మందులు ఒక్కటే.

నాకు వెంటనే తోచింది మందుల కొట్టు యజమాని. చాలా ఊళ్ళలో రైతుకు శాస్త్రవేత్తా అతనే, అప్పిచ్చేవాడూ అతనే. చదువు రానివాళ్ళు ఫోను తీసుకుపోయి కొట్టు బల్ల మీద పెట్టి ఏముందో చూడమంటారు. అతను తన దగ్గర అమ్ముడుపోనిది అందులో చదవొచ్చు, అడిగేవాళ్ళెవరు? పెద్ద ఊళ్ళోకి వెళ్ళి అతన్నే అడిగాను.

అతనికి కోపం రాలేదు. ఖాతా పుస్తకం తీసి నా ముందు పెట్టాడు.

"చూడమ్మా, ఇదంతా అరువే. పంట పండితేనే నాకు డబ్బు. చేను చంపుకుని నేనేం బాగుపడతా? ఈ పురుగుకి సైపరు పనిచెయ్యట్లేదని నేనే చెప్పా. అడుగు ఆమెని. 'పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళు ఫోన్లో చెప్పిందానికంటే నీకెక్కువ తెలుసా' అంది. అనటమే కాదు, లేదంటే ఇంకో కొట్టుకి పోతానంది. ఆమె ఒక్కతేనా? మర్నాడు పొద్దున ఆ వీధి వీధంతా వచ్చి అదే పేరు చెబుతారు. ఫోను చూడమని నాకెవరూ ఇవ్వరు. పేరు నోటికి చెబుతారు, స్పష్టంగా, డబ్బా మీద ఉన్నట్టే చెబుతారు."

అతని మాట నమ్మాను. ఆమె కూడా అవునంది. ఎన్నో ఏళ్ళుగా రైతు చెయ్యి ఆ కొట్టు బల్ల మీద నుంచి తియ్యాలని మాలాంటివాళ్ళం అంతా కష్టపడుతున్నాం. ఆమె తీసేసింది. సొంతంగా, గట్టిగా, అతని మొహం మీదే చెప్పి తీసేసింది.

ఇక మిగిలింది మా సందేశం. ఏమైనా సగంలో తెగిపోయిందా? ఆమె ఇంటికి వెళ్ళి ఫోను అడిగాను. చీరల పెట్టెలోంచి తీసి ఇచ్చింది. కరోనాలో బళ్ళు మూసినప్పుడు పిల్లాడి పాఠాల కోసం పొదుపు సంఘంలో అప్పు చేసి కొన్న ఫోను. చేలోకి తీసుకుపోదు, నీళ్ళలో పడితే అప్పు మిగులుతుంది. అందుకే మేం మొదట్లో పగటిపూట చేసిన వాయిస్ కాల్స్ ఒక్కటీ ఆమె ఎత్తలేదు. ఆ పెట్టెలో మోగి మోగి ఆగిపోయాయి. ఆమెలాంటివాళ్ళు చాలామంది ఉన్నారని తెలిశాకే మేం రాతకు మారాం.

సందేశాలన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం తెగలేదు. మంచి తెలుగు, చిన్న చిన్న వాక్యాలు. మందుల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, డబ్బా మీద ఎలా ఉంటే అలా. ఏది కొనకూడదో పోల్చుకోవడానికి వీలుగా ఉంటుందని అలా రాసేవాళ్ళం.

"ఇవన్నీ ఎవరు చదివి చెబుతారు పిన్నీ?"

నన్ను వింతగా చూసింది. "ఎవరేంది, మావాడే."

ఆరో తరగతి. టౌన్లో ఇంగ్లీషు మీడియం. బస్సు పల్లె మొదట్లోకి వచ్చి ఎక్కించుకుపోతుంది. మిరప డబ్బులో ముందు పక్కన పెట్టేది ఆ ఫీజేనని చెప్పింది. గోడ మీద వాడి ఫొటో ఉంది, మెడలో టై, చేతిలో ఏదో బహుమతి. వాడొచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాను. పంచడానికి తెచ్చిన జిగురు అట్టల పెట్టె పక్కన పెట్టుకున్నాను. ఎదురింటి ఆడపిల్ల, వాడి ఈడుదే, సర్కారు బడి సంచీ భుజాన వేసుకుని పోతూ ఆగి, పెట్టె మీద రాసింది పైకే చదువుకుని, "పురుగులు దీనికి అంటుకుంటాయా అక్కా?" అని అడిగింది. అవునన్నాను. ఒకటి తీసి చూపించమంది. చూపించాను. వాళ్ళ తాత పిలిస్తే వెళ్ళిపోయింది.

అయిదు దాటాక పిల్లాడు దిగాడు. అమ్మ మొహం మారిపోయింది. చెంబుతో నీళ్ళిచ్చి, "అక్క గుంటూరు నుంచి వచ్చింది, మెసేజీలు పంపేది ఈళ్ళే, చదివి చూపించు" అంది.

ఆ పొద్దున్నే పంపిన సందేశం తెరిచి వాడి చేతికిచ్చాను. నల్ల తామర పురుగు ఉన్న మిరపలో సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ వాడవద్దు, ఎకరాకు 30 నీలం రంగు జిగురు అట్టలు అమర్చండి అని ఉంది అందులో.

వాడు తడుముకోలేదు. "సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్" అన్నాడు. ఎంత చక్కగా పలికాడంటే బాపట్లలో నాతో చదివినవాళ్ళు కూడా కొందరు అంత చక్కగా పలకలేరు. తర్వాత కొంచెం ఆగి, "ట్యాంకుకు ముప్పై మిల్లీలీటర్లమ్మా" అన్నాడు.

ఆమె నావంక చూసి నవ్వింది. చూశావా, అన్నట్టు.

జిగురు అట్టలు చేలో ఎక్కడ కట్టాలో చూద్దాం రమ్మని వాణ్ణి పక్కకు తీసుకుపోయాను. ఏమీ అడగకముందే వాడికి తెలిసిపోయింది. తల వంచుకుని టై కొస నలుపుతున్నాడు.

"తెలుగు రాదా నాన్నా?"

"అక్షరాలొచ్చక్కా. ఒత్తులుంటే రావు. కూడబలుక్కునేసరికి ముందరిది మర్చిపోతా."

"మరి బళ్ళో తెలుగు పరీక్ష?"

"నోట్సు ఇస్తారు. బట్టీ పడతా."

నాలుగో తరగతి చివర్లో బళ్ళు మూతపడ్డాయి. అయిదో తరగతి దాదాపు అంతా ఈ ఫోన్లోనే గడిచింది, సిగ్నలు ఉన్నంతసేపు. ఆరులోకి వచ్చాడు. ఈ మధ్యలో వాడికి తెలుగు చదవడం వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం రోజూ రాయించారు. అందుకే మా సందేశంలో వాడికి కనబడేది మందు పేరూ, అంకె. మిగిలినదంతా, వద్దు అన్న మాటతో సహా, వాళ్ళమ్మకు ఎలాగో వాడికీ అలాగే.

"అమ్మకు ఒక్కసారి చెప్పొచ్చుగా?"

"మొదటిసారే చెబుదామనుకున్నా. అప్పటికే అమ్మ అందరికీ చెప్పేసింది, మావాడు చదివాడని."

వాడి మీద నాకు కోపం రాలేదు. మూడెకరాల మిరప, కొట్టులో అరువు, కౌలు బాకీ, చివరికి తన ఫీజు కూడా, పదకొండేళ్ళ పిల్లాడు ఒక్కడే ఆ ఫోను పట్టుకుని మోస్తున్నాడు. మోస్తున్నానని చెప్పుకోవడానికి వాడికి మనిషి లేడు. మా పెద్ద తెర మీద ఇలాంటి పిల్లాడికి గడి లేదు. చేరిందా, తెరిచారా అని రెండు గడులున్నాయి. ఎవరు తెరిచారు, ఎవరికి చదివి వినిపించారు, విన్నవాళ్ళకు ఏమని వినపడింది అన్న గడులు లేవు. ఉండాలని ఆ క్షణం నుంచి నేను అడుగుతూనే ఉన్నాను.

అమ్మకు నేనే చెబుతాను, నిన్ను ఏమీ అననివ్వను అని వాడికి మాటిచ్చి వెనక్కు తీసుకొచ్చాను. కానీ చెప్పడానికి సందు దొరకలేదు. అరుగు నిండిపోయి ఉంది. అన్నాలు తిని ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. చంకలో పసిపిల్లతో ఒకామె, చేలోంచి తిన్నగా వచ్చినామె, ఇద్దరు ముసలాళ్ళు. అందరి చేతుల్లోనూ ఫోన్లు.

"ఏంది పిన్నీ, ఇంతమంది?"

"మా వీధోళ్ళేనమ్మాయ్. పగలు ఎవురూ ఇంటికాడ ఉండరు గదా. రేత్రికొచ్చి మావాడి చేత చదివించుకుని పోతారు. వీళ్ళందరికీ మీ మెసేజీలు మొదలుపెట్టించింది కూడా నేనే."

లెక్కపెట్టాను. ఆమె ఫోనుతో కలిపి పదకొండు.

ఎదురింటి తాత అందరికంటే ముందుకు జరిగి తన ఫోను పిల్లాడి ఒళ్ళో పెట్టబోయాడు. ఆ ఫోను అప్పటిదాకా మనవరాలి చేతిలో ఉంది. ఇందాక నా పెట్టె మీద రాసింది చదివిన పిల్ల. ఇవ్వకుండా పట్టుకుని, తెర మీద వేలు పెట్టి చూపిస్తూ, "తాతా, ఇందులో ఆ మందులు వాడవద్దు అని ఉంది" అంది.

తాత ఫోను లాక్కున్నాడు.

"నువ్వూరుకోవే. చదువుకున్నోణ్ణి చెప్పనీ."